చెడ్డ పాత్ర, మంచి ఆటగాడు: ఒక పాత తగువు పూర్వాపరాలు

ఆటలో ఒకడు లొంగిపోయిన ఖైదీ గొంతు కోసేస్తాడు. తోటి పాత్ర సంచిలోంచి బంగారం కొట్టేస్తాడు. ఇదేంటని అడిగితే "నేనేం చేయను, నా క్యారెక్టరే అలాంటివాడు" అంటాడు. టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో కల్పిత పాత్రగా ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఈ తగువు ఎప్పటిదో. దాని వేళ్లు మొదటి రూల్‌బుక్కుల్లోనే ఉన్నాయి.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో పాత్రలకు పక్షాలు మూడే: లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అరాచకం). యుద్ధంలో ఎవరు ఎటువైపో చెప్పడానికే అవి ఎక్కువగా పనికొచ్చేవి. 1976లో గైగాక్స్ వాటికి మంచి, చెడు అనే రెండో కొలత కలిపారు. 1978 నాటికి ఈ రెండు కొలతలూ కలిపి పాత్ర స్వభావం చెప్పే తొమ్మిది గళ్ల 'అలైన్‌మెంట్' పట్టిక స్థిరపడింది. అసాసిన్‌గా, అంటే డబ్బుకు హత్యలు చేసే పాత్రగా ఆడాలంటే 'ఈవిల్' (చెడు పక్షం) అయి తీరాల్సిందే.

శిక్షలు కూడా పుస్తకంలోనే రాశారు. అలైన్‌మెంట్ మారితే పాత్ర సంపాదించుకున్న ఒక లెవెల్ (స్థాయి) పోతుంది. పాలడిన్, అంటే ధర్మానికి కట్టుబడ్డ వీరుడు, తెలిసి తెలిసి చెడ్డపని చేస్తే ఆ హోదా ఇక ఎప్పటికీ తిరిగి రాదు. అది చెడ్డపనో కాదో తేల్చేది ఆట నడిపించే డంజన్ మాస్టర్. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ రోజుల్లో ఎంతోమంది ఆడిన 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్' అనే సాహసకథలో శత్రు రాక్షసజాతుల గుహల్లో కత్తి పట్టని పిల్లలు కూడా ఉంటారు. పెద్దవాళ్లంతా పడిపోయాక మూలన నక్కిన ఆ పిల్లల్ని పాలడిన్ ఏం చేయాలి? చంపడం పాపమా, వదిలేస్తే రేపు ఊరి మీద దాడికి తనే దారి ఇచ్చినట్టా? ఒక్కో డంజన్ మాస్టర్ ఒక్కోలా తేల్చేవాడు. నెలల తరబడి పెంచుకున్న పాత్ర ఒక్క మాటతో పోతుంటే ఏ ఆటగాడు ఊరుకుంటాడు? ఆ రూల్స్ కాగితం మీది మనిషినే శిక్షించాయి. ఎదుటి కుర్చీలో మనసు కష్టపెట్టుకున్న మనిషి ఊసే ఎత్తలేదు. నా దృష్టిలో పెద్ద లోపం అదే.

1980ల్లో ఒత్తిడి బయటి నుంచి వచ్చింది. 1982లో కొడుకు ఆత్మహత్య చేసుకున్నాక ప్యాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి దానికి ఈ ఆటే కారణమంటూ ఉద్యమమే నడిపారు. ఆమె దుఃఖం నిజం, ఆరోపణకు మాత్రం ఆధారాలు దొరకలేదు. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ మూల పుస్తకాల్లో అసాసిన్ అనే పాత్ర రకం (క్లాస్) లేదు. డెమన్, డెవిల్ అన్న పేర్లు కూడా మారిపోయాయి.

1991లో 'వాంపైర్: ది మాస్కరేడ్' అనే మరో ఆట ప్రశ్ననే తిప్పేసింది. ఇక్కడ ప్రతి పాత్రా రక్తం తాగేదే. ఘోరాలు చేసేకొద్దీ 'హ్యుమానిటీ' అంకె తగ్గుతుంది, సున్నాకి చేరితే పాత్ర ఆటగాడి చేయి దాటిపోతుంది. చెడ్డపని అడ్డుకోవాల్సిన తప్పుగా కాక, కథకే ఇరుసుగా మారింది. ఇంత నిజాయితీగా ఈ విషయం ఎత్తుకున్న ఆట అంతకుముందు లేదనే అంటాను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా మెల్లగా పట్టు సడలించింది. 2014 ఎడిషన్‌లో పాలడిన్ ఏ అలైన్‌మెంట్‌లోనైనా ఉండొచ్చు, తను పట్టిన వ్రతమే ముఖ్యం. అయితే ముక్కూమొహం తెలియని వాళ్లు కలిసి ఆడే అధికారిక లీగ్‌లో మాత్రం అప్పట్లో ఈవిల్ పాత్రల మీద గట్టి ఆంక్షలే పెట్టారు.

ఈలోగా వేరే దారి కూడా తెరుచుకుంది. 2003లో ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ 'లైన్స్ అండ్ వెయిల్స్' పద్ధతి ప్రతిపాదించారు. కొన్ని విషయాలు ఆటలోకి అసలు రావు, కొన్ని తెర వెనకే జరిగిపోతాయి. తర్వాత జాన్ స్టావ్రోపౌలోస్ ఎక్స్-కార్డ్ తెచ్చారు. ఇబ్బంది అనిపించినవాళ్లు ఆ కార్డు తాకితే చాలు, కారణం అడగకుండా ఆ సన్నివేశం ఆపేస్తారు. ఆట మొదలవకముందే అందరూ కూర్చుని మాట్లాడుకునే 'సెషన్ జీరో' ఇప్పుడు చాలా టేబుళ్లలో మామూలైంది. తోటి పాత్రల దగ్గర దొంగతనం చేయొచ్చా, చిత్రహింస చూపించాలా వద్దా, ఈవిల్ పాత్ర ఈ గుంపుతోనే ఎందుకు తిరుగుతోంది అన్నవన్నీ అక్కడే తేల్చుకుంటారు. ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని పాత్రని చాలామంది డంజన్ మాస్టర్లు ఇప్పుడు మొదటి రోజే వెనక్కి పంపుతున్నారు.