కంచు విగ్రహం తల తిప్పిన క్షణం: గ్రీకు పురాణ చిత్రాల వెనుక ఒక చేతిపని చరిత్ర

1963లో విడుదలైన ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ చిత్రం చివర్లో, హైడ్రా అనే చచ్చిన పలుతలల పాము కోరలను కోల్చిస్ రాజు ఏయీటీస్ నేలమీద చల్లగానే, మట్టిని చీల్చుకుని ఏడు అస్థిపంజరాలు కత్తులూ డాళ్లూ పట్టుకుని పైకి లేస్తాయి. బంగారు ఉన్ని కోసం ఆర్గో అనే ఓడలో వచ్చిన గ్రీకు వీరుడు జేసన్, అతని ఇద్దరు సహచరులు వాటితో తలపడతారు. కొద్ది నిమిషాల్లో ముగిసిపోయే ఆ పోరులో బొమ్మల కదలికలను సిద్ధం చేయడానికి రే హ్యారీహౌసెన్ అనే ఒక్క మనిషికి నాలుగున్నర నెలలు పట్టింది. ఒక్కో బొమ్మకు తల, రెండు చేతులు, రెండు కాళ్లు లెక్కవేసుకుంటే ఏడింటికీ కలిపి ఫ్రేముకు 35 కదలికలు అవుతాయి. అలా ఆయన రోజంతా శ్రమించి సగటున 13 ఫ్రేములు పూర్తి చేసేవారు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో అది అరసెకనుకు కాస్త ఎక్కువ. కంప్యూటర్ ఏ రాక్షసినైనా చర్మపు ముడతలతో సహా చూపించగలుగుతున్న ఈ కాలంలో కూడా ఆ దృశ్యాన్ని వెతుక్కుని మరీ చూసేవాళ్లు ఉన్నారు. దీనిని చిన్ననాటి సినిమాలపై మమకారంగా మాత్రమే చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. గ్రీకు పురాణానికీ ఈ పనితనానికీ మధ్య లోతైన పొత్తు ఉంది, దాని మూలాలు తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

బొమ్మను కొద్దిగా కదిపి ఒక ఫ్రేము తీయడం, మళ్లీ కదిపి మరొకటి తీయడం సినిమా పుట్టిన తొలి దశాబ్దాలలోనే మొదలైంది. దానితో మహాకాయాలకు ప్రాణం పోయవచ్చని లోకానికి చూపినవాడు అమెరికాకు చెందిన విల్లిస్ ఓబ్రయన్. 1925 నాటి ‘ది లాస్ట్ వరల్డ్’లో ఆయన డైనోసార్లను నడిపించాడు, 1933లో ‘కింగ్ కాంగ్’కు ప్రాణం పోశాడు. లాస్ ఏంజెలిస్‌లో 1920లో పుట్టిన హ్యారీహౌసెన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ ‘కింగ్ కాంగ్’ చూసి, అది ఎలా చేశారో తెలుసుకోవాలన్న తపనతో ఇంటి దగ్గరే బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. తాను చేసిన బొమ్మలను తీసుకువెళ్లి ఓబ్రయన్‌కు చూపించినప్పుడు, ముందు శరీర నిర్మాణశాస్త్రం నేర్చుకొమ్మని ఆ పెద్దాయన సలహా ఇచ్చాడు, కుర్రవాడు ఆ మాటను శ్రద్ధగా పాటించాడు. 1949 నాటి ‘మైటీ జో యంగ్’లో గురువు పర్యవేక్షణలో బొమ్మ కదలికల్లో అధిక భాగం శిష్యుడే చేశాడు, ఆ చిత్రానికి స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. లోహపు పనిలో నేర్పరి అయిన తండ్రి ఫ్రెడ్, బొమ్మల లోపల ఉండే కీళ్ల చట్రాలను తయారు చేసి ఇచ్చేవాడు. ఆ చట్రం మీద రబ్బరు చర్మం తొడిగితే బొమ్మ సిద్ధమయ్యేది. పెద్ద స్టూడియోల హంగుకు దూరంగా, దాదాపు ఒక కుటుంబ వృత్తిలా సాగిన పని అది.

నిర్మాత చార్లెస్ ష్నీర్‌తో కలిశాక హ్యారీహౌసెన్ పద్ధతికి ‘డైనమేషన్’ అనే వ్యాపార నామం వచ్చింది. ముందుగా నటులతో తీసిన దృశ్యాన్ని చిన్న తెరమీద వెనుక నుంచి ఒక్కొక్క ఫ్రేముగా ప్రసరింపజేస్తారు, ఆ తెర ముందు బల్లమీద బొమ్మను నిలబెడతారు. దృశ్యంలో ముందు వైపున రావలసిన నేలనో బండనో నల్లరంగు పూసిన గాజుతో కప్పి, బొమ్మతో సహా ఫ్రేములన్నీ తీస్తారు. ఆపైన ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి బొమ్మ లేకుండా, కప్పిన భాగాన్ని మాత్రమే అదే ఫిల్ము మీద తిరిగి తీస్తారు. దానితో బొమ్మ దృశ్యానికి ముందు అతికించినట్టు కాకుండా, దృశ్యం నడుమ నిలబడినట్టు కనిపిస్తుంది. నిన్న బొమ్మ చేయి ఎంత కదిలిందో చూసుకోవడానికి వీడియో తెర అనేది ఏదీ లేదు. ఏడు కత్తులు ఏ దిశలో, ఏ వేగంతో కదులుతున్నాయో అంతా ఆయన బుర్రలోనే ఉండేది.

ఈ కదలికలో ఒక వింత తత్తరపాటు ఉంటుందన్నది చూసినవారందరికీ తెలుసు. దానికి కారణం సులువుగానే చెప్పవచ్చు. పరుగెత్తే మనిషిని కెమెరా పట్టినప్పుడు ప్రతి ఫ్రేములోనూ అతని కాలూ చెయ్యీ కొద్దిగా అలుక్కుపోయి ఉంటాయి, ఆ అలుకు వల్లనే మన కంటికి కదలిక నున్నగా తోస్తుంది. బొమ్మ మాత్రం ఫ్రేము తీసే క్షణంలో కదలకుండా నిలబడి ఉంటుంది కనుక ప్రతి ఫ్రేమూ పదునుగా వస్తుంది, వరుసగా నడిపినప్పుడు కదలిక తునకలు తునకలుగా కనిపిస్తుంది. సాంకేతికంగా చూస్తే ఇది లోపమే. అయితే గ్రీకు పురాణాల దగ్గరకు వచ్చేసరికి ఈ లోపమే అర్థవంతమైంది, నా దృష్టిలో ఈ చిత్రాల ఆకర్షణకు మూలం ఇక్కడే ఉంది.

‘జేసన్’ చిత్రంలో టాలోస్ అనే కంచు మనిషి ఘట్టం ఇందుకు మంచి ఉదాహరణ. దేవతల కమ్మరి హెఫీస్టస్ నిర్మించిన మహా కంచు విగ్రహాలలో ఒకటి పీఠం మీద మోకాలు మడిచి కూర్చుని ఉంటుంది. దాని కింద ఉన్న నిధిలోంచి జేసన్ సహచరుడు హెర్క్యులిస్ ఒక వస్తువును దొంగిలించి బయటికి రాగానే లోహం కిర్రుమంటుంది, విగ్రహం మెల్లగా తల తిప్పి చూస్తుంది. అంతకు ముందు చిత్రాలలో కదలికను వీలైనంత నున్నగా తీసుకురావడానికి తంటాలు పడిన హ్యారీహౌసెన్, ఇక్కడ కావాలనే దాన్ని బిగుసుగా ఉంచాడు, కదిలేది కంచు కదా! మూలకథలో టాలోస్ ఇంత పెద్దవాడు కాడు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అపోలోనియస్ రాసిన ‘ఆర్గోనాటికా’లో అతడు క్రీటు ద్వీపానికి కాపలాదారు, ఓడ తిరుగు ప్రయాణంలో ఎదురవుతాడు, అతని పతనానికి మీడియా అనే మంత్రగత్తె శక్తి కారణం. సినిమాలో అతడు ముందు ప్రయాణంలోనే ఎదురై ఓడను ఎత్తి పట్టేంత ఎత్తుకు పెరిగాడు, మడమ దగ్గరి మూతను తెరిచే పని జేసన్ చేతికి వచ్చింది. అస్థిపంజరాల విషయమూ అంతే. అపోలోనియస్ దగ్గర కోరల నుంచి పుట్టేవారు ఆయుధాలు ధరించిన యోధులు, జేసన్ వారి మధ్యకు పెద్ద బండను విసిరితే వారిలో వారే కొట్టుకుంటారు. పురాణాన్ని ఇలా మార్చినందుకు పండితులు నొచ్చుకోవచ్చు. కానీ గ్రీకు కవులు కూడా ఒకే కథను ఒకరొక తీరున చెప్పుకున్నవారే.

ఈ పొత్తు కదలిక దగ్గర ఆగిపోదు. ‘జేసన్’లో దేవతలుండే ఒలింపస్ కొండ మీద దేవతల రాజు జ్యూస్, అతని భార్య హేరా ఒక పలక మీద పావులు కదుపుతూ కింది మనుషుల ప్రయాణాన్ని నడుపుతుంటారు, జేసన్‌కు అయిదు సార్లు మాత్రమే సాయపడడానికి హేరాకు అనుమతి దొరుకుతుంది. 1981 నాటి ‘క్లాష్ ఆఫ్ ది టైటాన్స్’లోనైతే జ్యూస్ గూళ్లలో వరుసగా మట్టిబొమ్మలు ఉంటాయి, ఆయన ఒకదాన్ని తీసి చిన్న రంగస్థలంలో నిలబెడితే భూమ్మీద ఆ మనిషి తలరాత మారుతుంది. బల్లమీద బొమ్మలను వేలితో కదిపే మనిషి తీసిన చిత్రంలో ఈ ఊహ రావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నాకు ఆ రెండు చేతులూ ఒకటిగానే కనిపిస్తాయి.

విడుదలైనప్పుడు ‘జేసన్’కు ఆశించిన ఆదరణ రాలేదు. ఇటలీ నుంచి వరదలా వచ్చిపడుతున్న కండల వీరుల చిత్రాల మధ్య ఇది కూడా వాటిలో ఒకటిగా జమ అయిపోయింది. ఆ సంవత్సరం స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్‌కు నామినేషన్ కూడా దక్కలేదు. తర్వాత టెలివిజన్‌లో పదే పదే ప్రసారమై, సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని చూసిన పిల్లల్లో పాతుకుపోయింది. ఆ పిల్లల్లో కొందరు పెరిగి ఇదే వృత్తిలోకి వచ్చారు.

మధ్యలో హ్యారీహౌసెన్ సిందుబాదు కథల వైపు మళ్లారు. 1973 నాటి ‘ది గోల్డెన్ వాయేజ్ ఆఫ్ సిన్‌బాద్’లో ఆరు చేతుల కాళి విగ్రహం లేచి నాట్యమాడుతుంది, ఆపైన ఆరు కత్తులతో పోరాడుతుంది. ఆ నాట్యానికి అడుగులు సమకూర్చినవారు లండన్‌లో స్థిరపడిన మన టంగుటూరి సూర్యకుమారి. ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ను ఇంటింటికీ చేర్చిన గొంతు ఆమెదేనని గుర్తున్నవారు ఈ సంగతి తెలిసి ఆ దృశ్యాన్ని మరోసారి చూడాలి.

‘క్లాష్ ఆఫ్ ది టైటాన్స్’ ఆయన చివరి చిత్రం. అందులోని సముద్ర రాక్షసికి పెట్టిన క్రాకెన్ అనే పేరు ఉత్తర ఐరోపా సముద్ర గాథల నుంచి తెచ్చింది, గ్రీకు కథలో దానికి చోటు లేదు. కానీ చూపుతోనే మనుషులను రాయిగా మార్చే మెడ్యూసా ఘట్టం ముందు ఇలాంటి తప్పులు నిలవవు. హ్యారీహౌసెన్ ఆమెకు పాము ఒంటినీ, చేతికి విల్లునూ ఇచ్చారు. మంటల వెలుగు మాత్రమే ఆడుతున్న చీకటి మందిరంలో చేతులతో నేలమీద ఈడ్చుకుంటూ ఆమె వస్తుంటే, తలమీది పాములు ఒక్కొక్కటీ విడివిడిగా కదులుతుంటాయి, వాటిలో ప్రతిదాన్నీ ప్రతి ఫ్రేముకూ చేత్తో జరపవలసిందే. అక్కడ భయం నెమ్మదితనం లోంచే పుట్టింది.

ఆ ఏడాదే ‘డ్రాగన్‌స్లేయర్’ చిత్రంలో మోటార్ల సాయంతో బొమ్మ కదలికకు అలుకు తెచ్చే పద్ధతి వచ్చింది, 1993లో ‘జురాసిక్ పార్క్’తో కంప్యూటర్ ఆ స్థానాన్ని పూర్తిగా ఆక్రమించింది. 2010లో ‘క్లాష్ ఆఫ్ ది టైటాన్స్’ను తిరిగి తీసినప్పుడు మెడ్యూసా మెరుపు వేగంతో పరుగులు తీసింది. ఆమె ఎక్కడ ఉందో కంటికి ఆనేలోపే దృశ్యం ముగిసిపోయింది. పాత మెడ్యూసా గదిలో నిజంగా ఉన్న వస్తువు: ఆమె ఒంటి మీద పడిన వెలుగు నిజమైనది, ఆమె వెనుక పడిన నీడ నిజమైనది. చూసేవాడు అది బొమ్మ అని తెలిసే భయపడతాడు.

హ్యారీహౌసెన్‌కు 1992లో ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీ, సాంకేతిక కృషికి ఇచ్చే గార్డన్ ఇ. సాయర్ పురస్కారాన్ని ఇచ్చింది. ఆయన 2013లో లండన్‌లో కన్నుమూశారు. ఆయనా భార్య డయానా 1986లో నెలకొల్పిన సంస్థ సుమారు 50,000 బొమ్మలనూ, చిత్రాలనూ, అచ్చులనూ కాపాడుతోంది. శతజయంతి సందర్భంగా 2020 అక్టోబరులో ఎడిన్‌బరాలోని స్కాట్లండ్ జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో వాటిని ప్రదర్శనకు ఉంచారు. ఆ బొమ్మల రబ్బరు చర్మం కాలం గడిచేకొద్దీ గట్టిపడి, పగిలి, రాలిపోతుంది. లోపల దాగిన లోహపు కీళ్లు మాత్రం మిగులుతాయి.