ఫిన్లాండ్ మూడు కాళ్ల స్టూల్: అపోహలు - వాస్తవాలు

పాత చెక్క స్టూళ్లు బాగుచేయడం నా పని. వాటిలో నాకు ప్రాణమైనది ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ అల్వార్ ఆల్టో 1933లో రూపొందించిన ‘స్టూల్ 60’. గుండ్రటి పీట, మూడు వంపు కాళ్లు, అంతే. ఇంత సాదాగా ఉన్న వస్తువు మీద ఇన్ని అపోహలు ఎందుకో!

అపోహ: ఆ కాళ్లు ప్లైవుడ్‌వి.

వాస్తవం: వంపు దగ్గర చారలు కనిపిస్తాయి కాబట్టి అలా అనుకుంటారు. నిజానికి కాలు గట్టి బర్చ్ చెక్క. మన దేశంలో పూర్వం రాతకు వాడిన భూర్జపత్రం కూడా ఈ జాతి చెట్టు బెరడే. మందపాటి చెక్కను ఉన్నపళాన వంచితే బయటి వైపు సాగలేక పగులుతుంది. అందుకని వంచే చివర మాత్రం పోగుల వెంట రంపంతో సన్నగా చీల్చి, ఆ చీలికల్లోకి జిగురు రాసిన వెనీర్ (పలుచని చెక్క పొరలు) దూర్చి, అచ్చులో పెట్టి లంబకోణానికి వంచుతారు. వంగేటప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. జిగురు ఆరాక ఇక జారలేవు, వంపు అలాగే నిలిచిపోతుంది. ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో ఫర్నిచర్ ఫ్యాక్టరీ నడిపిన ఓటో కోర్హోనెన్‌తో కలిసి ఆల్టో ఎన్నో ప్రయోగాలు చేశాకే ఇది కుదిరింది. నేను చేసి చూసిన మొదటి కాలు పగిలిపోయింది. చీలిక వంపు దాటి ఇంకాస్త ముందుకు వెళ్లాలని అప్పుడే తెలిసింది.

అపోహ: ఇది ఫ్యాక్టరీ డిజైన్, పాత పనితనంతో సంబంధం లేదు.

వాస్తవం: మంచు దేశంలో స్కీల (మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే చెక్క పట్టీలు) ముక్కు వంచడం ఎప్పటినుంచో ఉన్న విద్య. చెక్కను వంచడం అక్కడి వడ్రంగులకు కొత్త కాదు. ఒకే కొలతలో వందల కాళ్లు వంచగలగడమే కొత్త.

అపోహ: కాళ్లు స్క్రూలతో బిగించారంటే నాసిరకం.

వాస్తవం: మామూలు స్టూల్‌లో కాలూ పీటా కలిసే చోటే బలహీనం. ఇక్కడ ఆ మలుపు కాలులోనే ఉంది. వంగిన చివర పీట అడుగున బల్లపరుపుగా ఆనుతుంది కాబట్టి స్క్రూలు చాలు. ఊగుతోందంటూ తెచ్చిన స్టూల్‌కి నేను ముందు చేసేది స్క్రూలు బిగించడమే.

అపోహ: మూడు కాళ్లు నిలకడగా ఉండవు.

వాస్తవం: ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్లది ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. పైగా వీటిని ఒకదానిపై ఒకటి మెలిక తిరిగినట్టు పేర్చవచ్చు. అప్పట్లో ఫిన్లాండ్‌లో ఉన్న వీపురి పట్టణంలో ఆల్టో రూపొందించగా 1935లో పూర్తయిన గ్రంథాలయంలో ఇవే వేశారు. అయితే పీట అంచు మీద బరువు వేస్తే ఒరుగుతుంది. బల్బు మార్చడానికి దీని మీద దయచేసి ఎక్కకండి. కూర్చోవడానికే అయినా, ఇంట్లో చిన్నపిల్లలుంటే నాలుగు కాళ్ల ‘ఇ60’ తీసుకోండి.