వేర్వేరు కంపెనీల పట్టాలు కలపడం: మోడల్ రైళ్లలో అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మా మేడ మీది రేకుల గదిలో ఉన్న ట్రాక్ అంతా సూట్‌కేసుల్లోనే వచ్చింది. మేనల్లుడు అమెరికా నుంచి అట్లాస్ తెచ్చాడు, బావమరిది లండన్ నుంచి పీకో తెచ్చాడు. ఎవరు ఎక్కడి నుంచి వస్తే అక్కడి కంపెనీ. అటు మహబూబ్‌నగర్, ఇటు సూర్యాపేట నుంచి నాకు ఫోన్ చేసేవాళ్ల పరిస్థితీ ఇంతే. అందుకే ఈ అతుకుల గురించి పన్నెండేళ్లుగా చేతితో నేర్చుకున్నది రాస్తున్నాను.

అపోహ: ఒక కంపెనీ పట్టాకు ఇంకో కంపెనీ పట్టా కలవదు.

కలుస్తుంది. హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు మోడల్) ట్రాక్ ఏ దేశంలో తయారైనా రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. బ్రిటన్ వాళ్ల ఓఓ (76వ వంతు సైజు) బండ్లు కొంచెం పెద్దవి కానీ వాటి ట్రాక్ కూడా 16.5. ముఖ్యమైన తేడా పట్టా ఎత్తులో. పెట్టె మీద కోడ్ 100, కోడ్ 83, కోడ్ 75 అని ఉంటుంది చూడండి. పట్టా ఎత్తు అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులో ఆ అంకె చెబుతుంది. కోడ్ 100 అంటే 2.54 మి.మీ., 83 అంటే 2.1, 75 అంటే 1.9. హార్న్‌బీ, బాక్‌మన్ ఈజీ ట్రాక్ కోడ్ 100. కాటో హెచ్‌ఓ కోడ్ 83. అట్లాస్, పీకో ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లలో చేస్తాయి, కాబట్టి పేరు చూసి కాదు, అంకె చూసి కొనమనండి.

జర్మనీ కంపెనీ మార్క్లిన్ ఒక్కటి వేరు. దాని స్లీపర్ల మధ్యలో కరెంటు మొనలుంటాయి. దాన్ని మామూలు రెండు పట్టాల ట్రాక్‌కు కలపొద్దు.

అపోహ: జాయినర్ ఎక్కిందంటే అతుకు కుదిరినట్టే.

జాయినర్ అంటే రెండు పట్టాల చివరలను కలిపే చిన్న లోహపు తొడుగు. ఎక్కువ బండ్లు పట్టాలు తప్పేది ఈ నమ్మకం వల్లే. చక్రం నడిచేది పట్టా నెత్తి మీద. దాని అంచు రాసుకునేది పట్టా లోపలి వైపు. ఈ రెండు చోట్లా సమానంగా ఉంటే చాలు. కింద ఎంత ఎత్తుపల్లాలున్నా చక్రానికి సంబంధం లేదు. నిజం రైల్వేలోనూ ఇదే పద్ధతి. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా ఎత్తు 172 మి.మీ., 52 కిలోలది 156. ఆ రెండూ కలిసే చోట కాంబినేషన్ ఫిష్‌ప్లేట్ (రెండు సైజుల పట్టాలను కలిపే ఇనుప పలక) వేసి నెత్తులు సమానం చేస్తారు. మనం చేసేదీ ఆ పనే, చిన్న సైజులో.

కోడ్ 100 నుంచి 83కి మారే రెడీమేడ్ జాయినర్లు దొరుకుతాయి. దొరక్కపోతే మామూలు కోడ్ 100 జాయినర్ తీసుకుని సగం వరకు నోస్ ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. తెరిచి ఉన్న సగంలోకి ఎత్తైన పట్టా దూరుతుంది. చదునైన సగం మీద చిన్న పట్టాను కూర్చోబెట్టి టంకం వేయాలి. ఇక్కడ తొందరపడొద్దు. కోడ్ 100 పట్టా నెత్తి వెడల్పు కూడా ఎక్కువ. మధ్యకు మధ్య పెడితే లోపలి అంచు తప్పుతుంది. లోపలి వైపు ఒక స్టీల్ స్కేలు ఆనించి, రెండూ దానికి తగిలేలా పట్టుకుని అప్పుడు టంకం పెట్టండి.

తర్వాత చిన్న పట్టా స్లీపర్ల కింద ఎత్తు పెట్టాలి. 100కి, 83కి తేడా 0.43 మి.మీ. కానీ ఈ లెక్కను నమ్ముకుని కూర్చోవద్దు, ఎందుకంటే స్లీపర్ల మందం కంపెనీకో రకంగా ఉంటుంది. బల్ల నుంచి పట్టా నెత్తి వరకు వర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టు) రెండు వైపులా కొలవండి. నేను వాడేది పాత పెళ్లికార్డుల అట్ట. అతుకు దగ్గర కావలసినన్ని వరసలు, దూరం పోయేకొద్దీ ఒక్కో వరస తగ్గిస్తూ ఒక జానెడు వరకు పరుస్తాను. అప్పుడు బండి ఎక్కుతున్నట్టే తెలియదు.

చివరగా గోటి పరీక్ష. కళ్లు మూసుకుని బొటనవేలి గోరును నెత్తి మీద, ఆ తర్వాత లోపలి అంచు వెంట రెండు దిక్కులా నడపండి. గోరు తట్టుకున్న చోట చక్రమూ తట్టుకుంటుంది. ఈ అతుకు వంపులో కానీ పాయింట్ల (దారి చీలే చోటు) పక్కన కానీ పెట్టకండి. తిన్నటి ట్రాక్‌లోనే పెట్టండి.

అపోహ: ఎత్తైన పట్టాను ఆకురాయితో రుద్దేస్తే సరి.

దాదాపు అర మిల్లీమీటరు రుద్దితే నెత్తి ఆకారమే పోతుంది. సన్న ఆకురాయి ఆఖరి మెరుగుకే. లోపలి మూల పదును తీయడానికి రెండు మూడు గీతలు చాలు.

అపోహ: జాయినర్ ఉంటే కరెంటు దానంతటదే పోతుంది.

కొత్తలో పోతుంది. వదులైన జాయినర్‌లో దుమ్ము, తేమ చేరాక ఇంజన్ అక్కడే ఆగి ఆగి నడుస్తుంది. అతుకుకు రెండు వైపులా వేరే వైర్లు ఇవ్వండి. టంకానికి యాసిడ్ ఉన్న పేస్ట్ వాడితే కొన్నాళ్లకు లోహాన్ని తినేస్తుంది, రోజిన్ ఫ్లక్సే వాడండి. ఈ పట్టాలు చేసే నికెల్ సిల్వర్‌లో వెండి ఉంటుందని కొందరు అనుకుంటారు. అందులో ఉండేవి రాగి, నికెల్, జింక్.

అపోహ: అతుకులన్నింటికీ టంకం పెడితే ట్రాక్ ఇక కదలదు.

ఒక డిసెంబరులో నేను అలాగే చేశాను. ఎనిమిది అడుగుల పొడవునా ఒక్క సందు లేకుండా టంకం. మే నెలలో ఒక మధ్యాహ్నం గది తలుపు తీస్తే పట్టా స్లీపర్ల నుంచి ఊడి పక్కకు విల్లులా వంగి ఉంది. నికెల్ సిల్వర్ పట్టా మీటరు పొడవుకు, 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. రేకుల కింద మన ఎండలకు ఆ తేడా సులభంగా వస్తుంది. ఎనిమిది అడుగులకు అది మిల్లీమీటరు పైమాటే.

ఆ ముక్కంతా పీకేసి మళ్లీ వేశాను. రెండు కంపెనీలు కలిసే అతుకులకు మాత్రం టంకం ఉంచాను. మిగతా చోట్ల మూడడుగులకొకటి చొప్పున టంకం లేని జాయినర్, అందులో విజిటింగ్ కార్డు దూరేంత సందు, ప్రతి ముక్కకూ సొంత వైరు. మరుసటి మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూశాను. సందులు మూసుకుపోయాయి, పట్టా తిన్నగానే ఉంది.