బార నుంచి సోనార్ దాకా

చెన్నై కాశిమేడు రేవులో ఒక పెద్దాయనతో మాట కలిసింది. నెల్లూరు వైపు మనిషి, తెలుగే మాట్లాడతాడు. "మీరు వల వేసేచోట లోతెంత తాతా?" అని అడిగితే, రెండు చేతులూ చాపి చూపిస్తూ "ఇరవై బారలుంటాది బాబూ" అన్నాడు.

చాచిన రెండు చేతుల పొడవే బార, సుమారు ఆరడుగులు. ఇంగ్లీషు నావికుల ఫాథమ్ కూడా అంతే. 1875లో ఛాలెంజర్ అనే బ్రిటిష్ నౌక పసిఫిక్‌లోని మరియానా దీవుల దగ్గర బరువు కట్టిన తాడు దించి 4,475 ఫాథమ్‌ల లోతు కొలిచింది. ఎనిమిది కిలోమీటర్ల పైనే! అంతా చేస్తే తెలిసేది తాడు దిగిన ఆ ఒక్క చోటు సంగతే. పక్కన కొండ ఉందో లోయ ఉందో ఎవరికి తెలుసు?

తర్వాత తాడు పని శబ్దం అందుకుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. నౌక వదిలిన శబ్దం అడుగుకు తగిలి నాలుగు సెకన్లకు తిరిగొచ్చిందంటే, పోవడానికి రెండు, రావడానికి రెండు: లోతు 3,000 మీటర్లు. అయితే నీటి వేడి, ఉప్పు, ఒత్తిడిని బట్టి ఆ వేగం మారుతుంది. అందుకే ముందు పరికరం దించి దాన్నే కొలుస్తారు. ఇలా శబ్దంతో లోతు కొలిచే పరికరమే సోనార్. ఇప్పటి మల్టీబీమ్ సోనార్ శబ్దాన్ని విసనకర్రలా పరిచి, నౌక పోయే దారి పొడవునా వెడల్పాటి పట్టీని కొలుస్తుంది.

ఉపగ్రహాలకు నీటి పైభాగమే కనిపిస్తుంది. అడుగున పెద్ద కొండ ఉంటే దాని ఆకర్షణకు నీళ్లు అటు చేరి, పైన ఒకట్రెండు మీటర్లు ఉబ్బుతాయి. ఆ ఉబ్బును కొలిచి కింద కొండ ఉందని చెబుతారు. నాకిది ఇప్పటికీ అబ్బురమే. కానీ ఆ పటంలో చిన్న గుట్టలు దొరకవు. సోనార్ లాంటి పరికరాలతో నేరుగా కొలిచింది 2025 నాటికి ప్రపంచ సముద్రగర్భంలో 27 శాతం పైచిలుకే.

చెన్నైవాళ్లకు ఇది ప్రాణాల లెక్క. 2004 డిసెంబరు 26 పొద్దున ఆరున్నరకు సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది. సుమారు రెండున్నర గంటలకు అల మెరీనాను తాకింది. సునామీ వేగం లోతును బట్టి ఉంటుంది: 3,000 మీటర్ల నీటిలో గంటకు 600 కిలోమీటర్ల పైన, పది మీటర్లకు వచ్చేసరికి 36. ముందు నీరు నెమ్మదిస్తుంది, వెనక నీరు తోసుకొస్తుంది, అల లేస్తుంది. హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఏ ఊరికి అల ఎప్పుడొస్తుందో లెక్కగట్టాలంటే లోతుల పటం ఉండాల్సిందే.

ఆ పొద్దున తాను ఇరవై బారల నీటి మీదే ఉన్నానని పెద్దాయన చెప్పాడు. పడవ కాస్త లేచి దిగిందంతేనట. ఒడ్డుకొచ్చాకే తెలిసిందట.