క్రూసేడ్లు: క్లాసులో ఎక్కువగా వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్తూ క్రూసేడ్ల దగ్గరికి, అంటే 1096 నుంచి దాదాపు రెండు వందల ఏళ్లపాటు పోప్ పిలుపుతో యూరప్ క్రైస్తవులు చేసిన మతయుద్ధాల దగ్గరికి, వచ్చేసరికి క్లాసు రెండుగా చీలిపోతుంది. అంతా భక్తే అని కొందరు, అంతా దోపిడీయే అని మిగతావాళ్లు. నేను ఇద్దరికీ ఒకే మాట చెప్తాను: ముందు డబ్బు ఎవరి జేబులోంచి పోయిందో చూడండి.

అపోహ: ఆస్తిలో వాటా దక్కని చిన్న కొడుకులు భూముల కోసం వెళ్లారు.

గైడ్లలో ఇప్పటికీ ఇదే రాస్తున్నారు. మొదటి క్రూసేడ్ నాయకులను చూడండి. తులూజ్ ప్రభువు రేమండ్ అప్పటికే పెద్ద సంపన్నుడు. నార్మండీ డ్యూక్ రాబర్ట్ ఇంటికి పెద్ద కొడుకు. 1096లో ఆయన ఏకంగా నార్మండీనే తమ్ముడి దగ్గర 10,000 మార్కుల (మార్కు అంటే అప్పటి వెండి తూకం) వెండికి కుదువ పెట్టి బయల్దేరాడు.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ మోంట్‌మెర్ల్ అషార్‌ది. పెద్దగా పేరున్న మనిషి కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని క్లూనీ క్రైస్తవ మఠానికి తన ఆస్తి తాకట్టు పెట్టి 2,000 నాణేలు, 4 కంచరగాడిదలు తీసుకున్నాడు. తను దారిలో చనిపోయినా, అక్కడే ఉండిపోయినా ఆస్తి మఠానికే అని పత్రంలో రాసిచ్చాడు. 1099 జూన్‌లో, జెరూసలేం చేతికి రావడానికి కొన్ని వారాల ముందు, జాఫా దారిలో జరిగిన పోరులో చనిపోయాడు. లాభం కోసం వెళ్లేవాడు ఇలాంటి పత్రం రాస్తాడా?

అలాగని దోపిడీ జరగలేదని కాదు. 1099 జూలై 15న జెరూసలేంలోకి చొరబడ్డవాళ్లు నరికారు, దోచారు. నాయకుల్లో ఒకడైన బొహెమండ్ అంటియోక్ నగరాన్ని తనదిగా చేసుకున్నాడు. కానీ బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది ఇంటిదారే పట్టారు.

అపోహ: క్రూసేడ్లు ముస్లింల మీదే జరిగాయి.

1147లో ఒకటి బాల్టిక్ తీరంలోని వెండులనే క్రైస్తవేతర తెగల మీద జరిగింది, 1209 నుంచి దక్షిణ ఫ్రాన్స్‌లో ఇంకొకటి కాథార్ల మీద, అంటే చర్చి మతద్రోహులన్న క్రైస్తవ శాఖ మీద జరిగింది. 1096లో జర్మనీలో రైన్ నది తీరంలోని ఊళ్లలో యూదులను చంపినవాళ్లకు మాత్రం పోప్ ఆజ్ఞ లేదు. స్పేయర్‌లో బిషప్ చాలామందిని కాపాడగలిగాడు, మైంజ్‌లో కాపాడలేకపోయారు.

అపోహ: బైజాంటియం అనే క్రైస్తవ సామ్రాజ్యపు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను దోచాలని నాలుగో క్రూసేడ్ ముందే ప్లాన్ వేసుకుంది.

అంత ప్లాన్ అక్కర్లేదు, అప్పు చాలు. 33,500 మంది వస్తారని లెక్కేసి, 85,000 మార్కులు ఇస్తామని 1201లో వెనిస్‌తో ఓడలకు ఒప్పందం చేసుకున్నారు. తీరా 1202లో వచ్చింది మూడో వంతు. ఉన్నదంతా ఊడ్చిపెట్టినా ఇంకా 34,000 మార్కులు బాకీ. ఓడలేమో కట్టి సిద్ధంగా ఉన్నాయి. బాకీకి గడువు కావాలంటే జారా పట్టణాన్ని పట్టి ఇవ్వమంది వెనిస్. అది క్యాథలిక్ పట్టణం, పోప్ వద్దన్నాడు. అయినా పట్టారు.

ఆ తర్వాత బైజాంటియం రాకుమారుడు అలెక్సియోస్, తనను గద్దె ఎక్కిస్తే 2,00,000 మార్కులు ఇస్తానన్నాడు. ఎక్కించారు. పూర్తిగా ఇవ్వలేకపోయాడు, చివరికి సొంతవాళ్ల చేతిలోనే చచ్చాడు. 1204 ఏప్రిల్‌లో ఆ క్రైస్తవ రాజధానినే సైన్యం కొల్లగొట్టింది.

అపోహ: రెండు వందల ఏళ్లూ ఆగకుండా యుద్ధమే.

సంధులు చాలానే ఉన్నాయి. అన్నిటికంటే విచిత్రమైనది పవిత్ర రోమన్ చక్రవర్తి ఫ్రెడరిక్ 2ది. 1229లో ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్‌తో మాట్లాడుకుని, యుద్ధం లేకుండానే జెరూసలేం తెచ్చుకున్నాడు. అల్ అఖ్సా ప్రాంగణం ముస్లింల చేతుల్లోనే ఉంది. ఇంత సాధించినవాడికి పొగడ్తలు దక్కాలి కదా! అప్పటికే పోప్ ఆయన్ని వెలివేసి ఉన్నాడు, జెరూసలేం మతాధిపతి ఆ నగరంలో పూజలనే నిషేధించాడు. ఆ మే నెలలో ఆయన తిరుగు ప్రయాణానికి క్రూసేడర్ల పట్టణమైన ఆకర్‌లో రేవుకు వెళ్తుంటే, మాంసం కొట్టువాళ్లు పేగులు, చెత్త మాంసం విసిరి మరీ సాగనంపారు.