చిన్నప్పుడు జబ్బు చేస్తే షామన్ అయిపోతారా? నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

ఆత్మలతో, దేవతలతో మాట్లాడి వైద్యం చేస్తారని జనం నమ్మేవాళ్లను షామన్లంటారు. నేను వాళ్ల తరహాలో డోలు వాయిస్తానని తెలిశాక చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "చిన్నప్పుడు మీకేమైనా పెద్ద జబ్బు చేసిందా?" అని. చేసింది. 7వ ఏట ఊపిరితిత్తులు దెబ్బతిని నెలల తరబడి మంచానికే అతుక్కుపోయాను. అది వినగానే "అదీ సంగతి!" అంటారు. నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

అపోహ: చావు అంచుల దాకా వెళ్లొచ్చిన పిల్లలు పుట్టు షామన్లు.

వాస్తవం: జబ్బుతో మొదలైన కథలు చాలా ఉన్నమాట నిజమే. అమెరికాలోని లకోటా ఆదివాసీ తెగకు చెందిన బ్లాక్ ఎల్క్ 9వ ఏట కాళ్లూ చేతులూ వాచి పడిపోయాడు. గొప్ప దర్శనం కలిగింది అప్పుడే. దాన్ని ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేక భయంతో నలిగిపోయాడు. 17వ ఏట ఓ వైద్యుడికి చెబితే, ఆ దర్శనాన్ని అందరి ముందూ గుర్రాల నృత్యంగా ఆడి చూపించాలన్నారు. వైద్యం చేయడం ఆ తర్వాతి సంగతి. కొరియాలో ఇలాంటి జబ్బుకు పేరే ఉంది, సిన్‌బ్యోంగ్. అది వచ్చినంత మాత్రాన ముదాంగ్, అంటే అక్కడి షామన్, అయిపోరు. పెద్ద ముదాంగ్ చేతుల మీదుగా నేరిమ్‌గుత్ అనే క్రతువు జరగాలి, శిష్యరికం చేయాలి. చాలామంది పిల్లలకు జబ్బు చేస్తుంది, తగ్గిపోతుంది. అంతే.

అపోహ: షామన్ కమ్మని పిలుపు వచ్చాక మందులు వాడకూడదు.

వాస్తవం: వాడాలి. మూర్ఛ వచ్చినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించినా ముందు డాక్టరు దగ్గరికే. నన్ను బతికించింది కూడా మందులే.

అపోహ: అడవిలో ఒంటరిగా కూర్చుంటే శక్తులు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: కోలుకునే రోజుల్లో నన్ను రోజూ ఓ చెట్టు కింద కూర్చోబెట్టేవారు. బెరడు మీద జిగురు కారిన చోట చీమల బారు పక్కకు తిరిగి వెళ్లేది. మర్నాటికి జిగురు గట్టిపడేది, అయినా చీమలు ఆ పాత వంపులోనే నడిచేవి. నాకు అబ్బిందల్లా తొందరపడకుండా చూడటం. దాన్ని శక్తి అంటే నవ్వొస్తుంది. నేపాల్‌లో బన్‌ఝాక్రీ కథలు విన్నారా? ఆ వనదేవుడు పిల్లల్ని అడవిలోకి ఎత్తుకుపోయి, గుహలో మంత్రాలూ డోలూ నేర్పి తిరిగి పంపిస్తాడట. చూడండి, కథలో కూడా అడవి ఒక్కటే సరిపోలేదు, గురువు కావాల్సి వచ్చాడు!

అపోహ: షామన్ అంటే పూనకం.

వాస్తవం: కొన్ని సంప్రదాయాల్లో దేవత ఒంట్లోకి వస్తుంది, కొన్నింటిలో ఆత్మ ప్రయాణం కడుతుంది. అసలు షామన్ అనే మాట సైబీరియాలోని ఎవెంకీ తెగ వాళ్లది. అందుకే నన్ను నేను షామన్ అని చెప్పుకోను. నిమిషానికి 200 దెబ్బలకు అటూ ఇటూగా డోలు వాయిస్తూ వచ్చినవాళ్ల పక్కన కూర్చుంటాను, అంతే.

అపోహ: మా బాబుకు ఏవేవో కనిపిస్తున్నాయి, పిలుపే అయ్యుంటుంది.

వాస్తవం: మొన్న ఒకావిడ ఇదే మాటతో కొడుకును తీసుకొచ్చింది. ఆవిడ చెబుతున్నంతసేపూ వాడు నా డోలు తాడు ముడి విప్పే పనిలోనే ఉన్నాడు. "రాత్రిళ్లు సరిగా నిద్రపోతున్నాడా?" అని అడిగాను. రెండు వారాలుగా లేదట. డోలు ముట్టుకోకుండానే డాక్టరు దగ్గరికి పంపించాను.