నానమ్మ పొట్టలో పొర: పిల్లలకు ఉత్తరం

హైదరాబాద్

పిల్లలూ,

నానమ్మ కిడ్నీలు చేయలేని పనిని పొట్టలోకి ద్రవం వదిలి చేయిస్తున్నాం, దాన్ని పెరిటోనియల్ డయాలసిస్ అంటారు. ఆ ద్రవం బ్యాగు మార్చేటప్పుడు 4.25 అని రాసి ఉన్నదాన్ని తీయడానికి అమ్మ ఎందుకు వెనకాడుతుందని అడిగారు కదా, చెబుతాను.

పేగుల మీదా, పొట్ట గోడకు లోపలి వైపునా పలచటి పొర ఉంటుంది. దాన్ని పెరిటోనియం అంటారు. రెండు లీటర్ల ద్రవాన్ని పొట్టలోకి వదిలి నాలుగైదు గంటలు ఉంచితే, ఆ పొరలోని సన్నటి రక్తనాళాల నుంచి యూరియా, క్రియాటినిన్ అనే వ్యర్థాలు ద్రవంలోకి దిగుతాయి. ఒంట్లో ఎక్కువైన నీటిని లాగేది మాత్రం ద్రవంలోని గ్లూకోజు. 1.5, 2.5, 4.25 అనేవి దాని శాతాలు. మూత రంగు కంపెనీని బట్టి మారుతుంది, అంకె చదవండి.

చిక్కేమిటంటే, పొరను పాడుచేసేదీ ఆ గ్లూకోజే. ఏళ్ల తరబడి తగిలితే పొర మందమవుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. నాళాలు పెరిగితే మంచిదేగా అనుకుంటారేమో. అప్పుడు గ్లూకోజు గబగబా రక్తంలోకి వెళ్లిపోతుంది, ఇక నీటిని లాగడానికేం మిగలదు. 4.25 బ్యాగు నాలుగు గంటలు ఉంచినా, పోసినదానికన్నా 400 మిల్లీలీటర్లు కూడా ఎక్కువ రాకపోతే పొర దెబ్బతిందని అనుమానిస్తారు. ముందు పొట్టలోకి వెళ్లే గొట్టం మడతపడిందా, మలబద్ధకం ఉందా అని చూస్తారు. చాలాసార్లు తేలేది అదే!

నీరు తీయలేదని గ్లూకోజు ఎక్కువున్న బ్యాగు, దానితో పొర ఇంకా పాడు. ఈ తిరుగుడు చాలామందికి కంచంలోనే మొదలవుతుంది. ఆవకాయ, అప్పడం, మిర్చీబజ్జీ: ఉప్పు వల్ల దాహం, నీళ్లు, కాళ్లవాపు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే చిన్న చెంచాడు. లో-సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, డాక్టరును అడక్కుండా కొనొద్దు.

ఎక్కువ గంటలు ఉంచే బ్యాగుకు గ్లూకోజు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉన్న ద్రవం ఇస్తారు, రోజుకు ఒకటే. అది వాడేవాళ్లకు కొన్ని గ్లూకోమీటర్లు షుగరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. మీ మీటరు సరిపోతుందో లేదో నర్సుతో చూపించుకోండి.

ఇన్ఫెక్షన్ కూడా పొరను త్వరగా చెడగొడుతుంది. బ్యాగు మార్చేటప్పుడు ఎంత ఉక్కపోసినా ఫ్యాన్ ఆపండి, తలుపులు వేయండి, మాస్కు కట్టుకోండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్నాకే గొట్టం ముట్టాలి. బయటికొచ్చిన బ్యాగును పేపరు మీద పెట్టి చూడండి. కింది అక్షరాలు మసకగా ఉంటే, నొప్పి లేకపోయినా, వెంటనే డయాలసిస్ యూనిట్‌కు ఫోన్ చేయాలి. ఆ బ్యాగును పారేయొద్దు, పరీక్షకు అదే కావాలి.

మీ పెద్దనాన్న